బొరియ రొయ్యల అవయవ పరిశీలన: ఒక హైదరాబాదు ప్రయోగశాల డైరీ

సముద్రపు ఒడ్డు బురదలోనూ ఇసుకలోనూ బొరియలు తవ్వుకుని, దాదాపు జీవితమంతా వాటిలోనే గడిపే రొయ్యలాంటి చిన్న జీవులను అవయవ నిర్మాణాన్ని బట్టి గుర్తించడానికి మా కళాశాల ప్రయోగశాలలో ఆరు నెలలుగా చేస్తున్న పని ఇది. వీటికి తెలుగులో స్థిరపడిన శాస్త్రీయమైన పేరు నాకు దొరకలేదు కనుక ఈ డైరీ అంతటా 'బొరియ రొయ్యలు' అని రాస్తున్నాను. రూపం రొయ్యదే అయినా బంధుత్వంలో ఇవి పీతలకే ఎక్కువ దగ్గర. హైదరాబాదుకు సముద్రం లేదు. కనుక సేకరణ మచిలీపట్నం తీరంలో, పరిశీలన ఇక్కడ జరిగింది. ఆ దూరం వల్ల వచ్చిన నష్టాలే మొదటి రెండు దశలను నింపాయి.

రెండు పదాలను ముందే చెప్పుకోవాలి. 'పటకారు' అంటే కాలి చివరి కణుపు కదిలే వేలుగా, దాని ముందు కణుపు నుంచి పొడుచుకొచ్చిన భాగం కదలని వేలుగా ఎదురెదురుగా నిలిచే అమరిక. కదలని వేలు పొట్టిగా ఉండి, కదిలే వేలు ముందు కణుపు అంచు మీదికి ముడుచుకుంటే దాన్ని 'సగం పటకారు' అంటున్నాను. కాలి కణుపుల పేర్లు ఒంటి దగ్గర నుంచి వరుసగా కాక్సా, బేసిస్, ఇస్కియం, మీరస్, కార్పస్, ప్రోపోడస్, డాక్టిలస్.

దశ 1: పంపు, మొదటి సేకరణ (జనవరి)

అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పాటు (నీరు వెనక్కి తగ్గడం) ఎక్కువగా ఉంటుంది కనుక అమావాస్య మరునాటి తెల్లవారుజామును ఎంచుకున్నాము. అక్కడి అభయారణ్యం హద్దుల్లోని మడ అడవిలో అనుమతి లేకుండా తవ్వకూడదు. మేము పని చేసింది ఆ హద్దులకు బయట, ఊరివాళ్లు నిత్యం నడిచే బురద మేటల మీద.

బొరియలోని జీవిని పారతో తవ్వి తీయడం చాలావరకు వృథా ప్రయాస, ఎందుకంటే పార దిగేలోపు అది కిందికి జారిపోతుంది. అందుకే రాణిగంజ్‌లో సామాను కొని ఒక పీల్చే పంపు తయారు చేశాను: 75 మి.మీ. పీవీసీ గొట్టం, 80 సెం.మీ. పొడవు, లోపల ఒక దట్టం (పిస్టన్), దానికి ఇనుప కడ్డీ, పైన అడ్డంగా చెక్క పిడి. దట్టానికి చేతిపంపు సిలిండరులో వాడే 63.5 మి.మీ. వాషరు సరిపోతుందనుకోవడం మొదటి తప్పు. గొట్టం లోపలి వ్యాసం దానికంటే ఎక్కువ కావడంతో పక్కల నుంచి నీరు జారిపోయి పీల్పు నిలవలేదు. మొదటి గంటలో 40 బొరియలు పీలిస్తే 3 జీవులే వచ్చాయి. లారీ ట్యూబు రబ్బరును గొట్టం లోపలి వ్యాసం కంటే రెండు మి.మీ. పెద్దగా గుండ్రంగా కోసి, అలాంటి రెండు ముక్కలను రెండు చెక్క బిళ్లల మధ్య బిగించిన తరువాత పీల్పు కుదిరింది. పీల్చిన బురదను 1 మి.మీ. జల్లెడలో కడిగాము.

ఆ రోజు మొత్తం 38 జీవులు దొరికాయి. అన్నింటినీ ఒకే సీసాలో, అర లీటరు ఆల్కహాల్‌లో, బతికి ఉండగానే వేశాను. ఈ ఒక్క పనిలో మూడు తప్పులు ఉన్నాయి. ఆరు రోజుల తరువాత సీసా తెరిచినప్పుడు మూడూ ఒకేసారి బయటపడ్డాయి.

1. బతికున్న జీవిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే అది ముందు కాళ్లను తానే రాల్చేస్తుంది. సీసా అడుగున పటకారు కాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ ఒకే సీసాలో ఉండటంతో ఏ కాలు ఏ జీవిదో తేల్చే మార్గం లేదు. 17 నమూనాలు ఇలా పనికిరాకుండా పోయాయి.
2. డబ్బా మీద 95 శాతం అని ఉన్న ఆల్కహాల్‌ను నమ్మి, లీటరుకు 737 మి.లీ. చొప్పున తీసుకుని 70 శాతం ద్రావణం చేశాను. తరువాత హైడ్రోమీటరుతో చూస్తే ఆ డబ్బాలో ఉన్నది 81 శాతమే. మూత సరిగా లేక ఆవిరైపోయింది. అంటే నేను వాడిన ద్రావణం 60 శాతానికి మించలేదు, అందులో 38 జీవుల ఒంటి నీరు కూడా కలిసింది. 6 నమూనాల ఉదరం కుళ్లి మెత్తబడింది.
3. ద్రావణానికి బోరు నీళ్లు వాడాను. మా ప్రాంతపు బోరు నీటిలో ఉప్పుల శాతం ఎక్కువ. ఆల్కహాల్ కలిసేసరికి తెల్లని పొడిలాంటిది పేరుకుని, వెంట్రుకల మధ్య పట్టేసింది.

ఇప్పటివరకు: పట్టినవి 38, పనికొచ్చేవి 15, పోయినవి 23. ఖర్చు: పంపు రూ. 640, జల్లెడ రూ. 350, సీసాలు రూ. 180, ఇద్దరి ప్రయాణం రూ. 2,900, మొత్తం రూ. 4,070.

దశ 2: రెండో సేకరణ (ఫిబ్రవరి)

కాళ్లు రాలడం గురించి నేను పుస్తకాలు వెతుకుతుంటే, తీరంలో మాకు దారి చూపిన పడవ ఆయన ఒక్క మాటలో తేల్చారు: "మాస్టారూ, బతికున్న పీతని మరిగే నీళ్లలో పడేస్తే కాళ్లు రాల్చేసుద్దండి. ముందు ఐసులో పెట్టాలి." వంటింట్లో తెలిసిన ఈ సంగతి ప్రయోగశాలలో నాకు తట్టకపోవడం వల్ల 17 జీవులు వృథాగా పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఒక నమూనాను చంపితే దాని నుంచి నేర్చుకోగలిగినదంతా నేర్చుకోవడం మన బాధ్యత.

రెండోసారి పాటించిన వరుస ఇది:

1. జీవిని సముద్రపు నీటితో చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఐసు పెట్టెలో 30 నిమిషాలు ఉంచడం. ఐసు నేరుగా తగలకూడదు. మంచినీరు తగిలినా జీవి గిలగిలలాడుతుంది.
2. కదలిక పూర్తిగా ఆగిన తరువాత రంగుతో సహా ఫోటో తీయడం. గులాబీ, నారింజ ఛాయలు ఆల్కహాల్‌లో వారం రోజులు కూడా నిలవవు.
3. ఒక్కో జీవిని ఒక్కో 50 మి.లీ. ట్యూబులో వేయడం. జీవి పరిమాణానికి కనీసం మూడు రెట్లు ద్రావణం ఉండాలి.
4. పెన్సిలుతో రాసిన చీటీని ట్యూబు లోపలే వేయడం. బాల్‌పెన్ను రాత ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.
5. 24 గంటల తరువాత ద్రావణం మార్చడం. బోరు నీటికి బదులు బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటరు వాడాను.

గుడ్లు మోస్తున్న ఆడవాటిని ఫోటో తీసుకుని బొరియల దగ్గరే వదిలేశాము. తెచ్చిన 29 నమూనాల్లో రెండే పటకారు రాల్చుకున్నాయి.

ఇప్పటివరకు: పట్టినవి 67, పనికొచ్చేవి 42, పోయినవి 25. ఈ దశ ఖర్చు రూ. 3,970 (ట్యూబులు 480, ఐసు పెట్టె 590, ప్రయాణం 2,900), మొత్తం రూ. 8,040.

దశ 3: కానివాటిని వేరుచేయడం (మార్చి మొదటి వారం)

బొరియలో దొరికినదల్లా మనం వెతికే జీవి కాదు. 42 నమూనాల్లో 7 వేరే గుంపులకు చెందినవని తేలింది. వాటిలో 2 చిన్న మాంటిస్ రొయ్యలు. వాటి కవచం వక్షపు చివరి ఖండితాలను కప్పదు, వేటాడే అవయవం కొడవలిలా లోపలికి మడిచి ఉంటుంది కనుక తేలికగానే పట్టుకున్నాము. మిగిలిన 5 మాత్రం రెండు రోజులు తినేశాయి. అవి చిటిక రొయ్యలు, అంటే ఆల్ఫియస్ కుటుంబం. వాటికీ ఒక పటకారు పెద్దది, ఒకటి చిన్నది. అవీ బురదలోనే ఉంటాయి. పటకార్లు అసమానంగా ఉండటమే గుర్తు అని నేను విద్యార్థులకు చెప్పిన మాట అక్కడే తప్పిపోయింది.

వాటిని వేరుచేసే గుర్తులు ఇవి. ఉదరం రెండో ఖండితపు పక్క రేకు ముందు రేకు మీదికి, వెనక రేకు మీదికి కూడా వచ్చి ఉంటుంది. చిటిక రొయ్యలు చేరే కారిడియా అనే గుంపు రొయ్యలన్నింటి లక్షణం ఇది. కళ్ల మీదికి కవచం టోపీలా దిగి ఉంటుంది. రెండో కాలి కార్పస్ ఒకే కణుపుగా కాక చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఈ మూడింటిలో పక్క రేకును చూడటానికి భూతద్దం కూడా అక్కరలేదు కనుక దాన్నే మొదటి మెట్టుగా పెట్టుకున్నాను. మనం తినే పెద్ద రొయ్యల పిల్లలు ఎప్పుడైనా జల్లెడలో పడితే, మొదటి మూడు జతల కాళ్లకూ పటకార్లు ఉండటాన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పటివరకు: పరిశీలనకు మిగిలినవి 35.

దశ 4: రెండో కాలు (మార్చి)

ఈ జీవులన్నింటినీ చాలాకాలం థలాసినిడియా అనే ఒకే గుంపుగా లెక్కించారు. 1979లో డి సెయింట్ లారెంట్ అనే శాస్త్రవేత్త దాన్ని యాక్సిడియా, గెబిడియా అని రెండుగా విడదీశారు. 2009లో వెలువడిన డీఎన్ఏ అధ్యయనం కూడా ఇవి రెండు వేర్వేరు వంశాలనే చూపింది. బొరియలో బతకడం వల్ల రెండింటి ఒళ్లూ ఒకేలా మెత్తబడి, పొడవై, కాళ్లు తవ్వకానికి అనువుగా మారాయి తప్ప బంధుత్వం వల్ల కాదు. ఈ విడదీతకు ప్రయోగశాలలో కనిపించే ప్రధానమైన ఆధారం రెండో నడక కాలు. మొదటి రెండు జతల కాళ్లకూ పటకార్లు ఉంటే యాక్సిడియా. మొదటి జతకు మాత్రమే పటకారో సగం పటకారో ఉండి, రెండో జతకు నిజమైన పటకారు లేకపోతే గెబిడియా.

చెప్పడానికి ఇంత సులువైన గుర్తును చదవడంలో 35లో 4 తప్పు చదివాను. మొదటి లెక్కలో యాక్సిడియా 20, గెబిడియా 15 వచ్చాయి. నెల చివర తిరిగి చూస్తే సరైన లెక్క 24, 11. నాలుగూ ఒకే దిశలో తప్పాయి కనుక కారణం నా చూపులో ఉండాలని నిర్ణయించుకుని, ఒక్కో నమూనాను మళ్లీ బయటికి తీశాను. కారణాలు మూడు.

మొదటిది బురద. రెండో కాలి అంచుల్లో దట్టమైన వెంట్రుకలు ఉంటాయి. బురద పట్టి అవి అట్టకట్టినప్పుడు చివరనున్న చిన్న పటకారు ఒకే మొద్దుగా కనిపిస్తుంది. సున్నా నంబరు కుంచెతో, చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ, మొదలు నుంచి చివరికి తుడిస్తే వేళ్లు విడివడతాయి. ఎదురు దిశలో తుడిస్తే వెంట్రుకలు విరుగుతాయి. రెండు నమూనాల తప్పు ఇక్కడ దొరికింది.

రెండోది లెక్క మొదలుపెట్టే చోటు. దశపాదుల (రొయ్యలు, పీతలు చేరే గుంపు) వక్షంలో ఎనిమిది జతల ఉపాంగాలు ఉంటాయి: ముందున్న మూడు జతలు నోటికి సహాయపడే మాక్సిలిపెడ్‌లు, తరువాతి అయిదు నడక కాళ్లు. మూడో మాక్సిలిపెడ్ కాలిలాగే పొడవుగా ఉన్న నమూనాలో నేను దాన్నే ఒకటో కాలిగా లెక్కపెట్టాను. దాంతో పెద్ద పటకారు రెండోదైంది, అసలు రెండో కాలు మూడోదైంది, మొదటి రెండు జతల్లో ఒకదానికే పటకారు ఉన్నట్టు కనిపించింది. ఇప్పుడు ప్రతి నమూనాలో మూడో మాక్సిలిపెడ్ చుట్టూ ఎర్రని సన్న దారం ఒక ముడి వేసి, దాని వెనక నుంచి లెక్క మొదలుపెడుతున్నాము.

మూడోది అయిదో కాలు. యాక్సిడియాలోని కలియానాసా అనే ప్రజాతి బంధువులకు అయిదో కాలి చివర కూడా అతి చిన్న పటకారులాంటి అమరిక ఉంటుంది. ఒంటిని శుభ్రం చేసుకోవడానికి దాన్ని వాడుకుంటాయి. కాళ్లు చిక్కుపడి ఉన్న నమూనాలో దాన్ని రెండో కాలి పటకారుగానో, రెండోదాన్ని అయిదోదిగానో పొరబడవచ్చు. కాలి మొదలును కాక్సా దాకా సూదితో వెంబడించకుండా దాని సంఖ్య రాయకూడదు.

ఇప్పటివరకు: యాక్సిడియా 24, గెబిడియా 11. ఈ దశలో 5వ నంబరు ఫోర్సెప్స్ రెండు, సూదులు, మిథిలీన్ బ్లూ, శానిటైజరు కలిపి రూ. 970, మొత్తం రూ. 9,010.

దశ 5: రంగు, నిలబెట్టడం, ఫోటో (మార్చి చివర)

కలియానాసా బంధువుల కవచానికీ, గెబిడియాలోని ఉపోజీబియాల కవచానికీ ఇరు పక్కలా పొడవునా ఒక సన్నని గీత ఉంటుంది. అక్కడ సున్నం పేరుకోదు కనుక కవచం ఆ గీత వెంట తలుపు కీలులా కదులుతుంది. దీన్ని థలాసినికా రేఖ అంటారు. యాక్సిడియాలోనే ఉన్న యాక్సియస్ కుటుంబంలో ఈ రేఖ ఉండదు కనుక దాన్ని కచ్చితంగా చూడాలి. తెల్లని కవచం మీద తెల్లని గీత కనిపించదు. అక్వేరియం దుకాణంలో దొరికే మిథిలీన్ బ్లూ వాడాను. మొదటి నమూనాను రాత్రంతా అందులో వదిలేస్తే మొత్తం ఒకే నీలంగా మారి, వెంట్రుకలూ పళ్లూ ఏవీ తేడా తెలియలేదు. రంగు దిగడానికి ఆల్కహాల్‌ను నాలుగు సార్లు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు లేత నీలం ద్రావణంలో రెండు నిమిషాలు ముంచి, ఆల్కహాల్‌తో ఒకసారి కడుగుతున్నాము. అప్పుడు గీతల్లో, కణుపుల మధ్య రంగు నిలిచి, గట్టి భాగాలు తేరుకుంటాయి.

ఫోటోకు కాలిని కావలసిన కోణంలో నిలబెట్టడం రెండో సమస్య. దూది మీద పెడితే పోగులు అడ్డం వచ్చాయి. సన్న ఇసుక మీద పెడితే నిలిచింది కానీ ఇసుక రేణువులు పళ్లలా కనిపించి, ఒక నమూనా అంచున లేని పళ్లను గీశాను. చివరికి పనికొచ్చింది చేతులకు రాసుకునే రంగులేని జెల్ శానిటైజరు. గిన్నెలో అర సెం.మీ. పోసి, బుడగలు పోయేదాకా ఒక గంట కదపకుండా ఉంచి, నమూనాను దానిలో కూర్చోబెట్టి, పైన ఆల్కహాల్ నెమ్మదిగా పోస్తే కాలు పెట్టిన కోణంలోనే నిలుస్తుంది. పని అయ్యాక ఆల్కహాల్‌లో కడిగేయాలి.

దశ 6: కొలతలు (ఏప్రిల్)

ఒకే జీవి మొత్తం పొడవును ముగ్గురం కొలిస్తే 31, 34, 36 మి.మీ. వచ్చింది. ఉదరం మెత్తనిది, లాగితే సాగుతుంది. అదే జీవి కవచం పొడవు ముగ్గురికీ 8.1, 8.2, 8.1 మి.మీ. వచ్చింది. ఆ రోజు నుంచి మొత్తం పొడవును రాయడం మానేసి, ముక్కు కొన నుంచి కవచం వెనక అంచు మధ్య బిందువు దాకా మాత్రమే కొలిచి, మిగతా కొలతలన్నింటినీ దానితో నిష్పత్తిగా రాస్తున్నాము.

సూక్ష్మదర్శిని జూమ్ మరో నష్టం చేసింది. కంటి కటకంలోని గీతల బిళ్లను స్టేజ్ మైక్రోమీటరుతో (కటకం కింద పెట్టే, కచ్చితమైన గీతలున్న కొలబద్ద) సరిపోల్చకుండా, జూమ్ పిడి మీది అంకెను నమ్మి పది రోజుల కొలతలు రాశాను. సరిపోల్చి చూస్తే '2' గుర్తు దగ్గర ఒక గీత విలువ పిడిని పైకి తిప్పి ఆపినప్పుడు 0.051 మి.మీ., కిందికి తిప్పి ఆపినప్పుడు 0.047 మి.మీ. పటకారు ఎత్తులో ఎనిమిది శాతం తేడా ఇక్కడే వస్తుంటే నిష్పత్తుల గురించి మాట్లాడటం వ్యర్థం. మధ్య గుర్తులను వదిలేసి, పిడి గట్టిగా ఆగే రెండు చివరలనే వాడి, 35 నమూనాలను మొదటి నుంచి కొలిచాము. ఒక చివర ఒక గీతకు 0.1 మి.మీ., మరో చివర 0.025 మి.మీ.

ఎండలు ముదిరాక ప్రయోగశాల పై అంతస్తులో ఉండటం వల్ల ట్యూబుల్లో ఆల్కహాల్ తగ్గడం మొదలైంది. మూతకు పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి, ట్యూబు మీద ద్రావణం మట్టానికి ఒక గీత గీసి, ప్రతి సోమవారం చూస్తున్నాము.

ఇప్పటివరకు: కొలిచినవి 35, తిరిగి కొలిచినవి 35. స్టేజ్ మైక్రోమీటరు రూ. 1,150; మొత్తం రూ. 10,160.

దశ 7: మూడు జాతులు రెండైన వైనం (ఏప్రిల్, మే)

ఈ డైరీలో అన్నిటికన్నా ముఖ్యమైన తప్పు ఇదే కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

యాక్సిడియా 24 నమూనాలూ కలియానాసా బంధువులే: థలాసినికా రేఖ ఉంది, మూడో కాలి ప్రోపోడస్ వెడల్పయి చిన్న తెడ్డులా ఉంది, కంటి కాడలు బల్లపరుపుగా ఉన్నాయి, మూడు నుంచి అయిదు దాకా ఈత కాళ్లు (ఉదరం కింది కాళ్లు) ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి. పెద్ద పటకారును బట్టి వీటిని నేను మూడు రకాలుగా విభజించాను.

'క' రకం: 9 నమూనాలు. పెద్ద పటకారు బలంగా ఉంది, మీరస్ కింది అంచున కొక్కెం ఉంది. పటకారు అరచేతి భాగం (వేళ్ల వెనకున్న వెడల్పు భాగం) ఎత్తు కవచం పొడవులో సగటున 0.58.

'ఖ' రకం: 11 నమూనాలు. పటకారు సన్నం, కొక్కెం లేదు. అదే నిష్పత్తి సగటున 0.31.

'గ' రకం: 4 నమూనాలు. పటకారు మధ్యస్థం.

రెండు వారాలు ఈ పేర్లతోనే బొమ్మలు గీశాము. అనుమానం టెల్సన్ నుంచి వచ్చింది. తోక విసనకర్ర మధ్య రేకు అయిన టెల్సన్ వెడల్పును పొడవుతో భాగిస్తే 'క' రకంలో 1.31 నుంచి 1.36, 'ఖ' రకంలో 1.30 నుంచి 1.37; రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయాయి. 'గ' రకంలో మాత్రం 1.02 నుంచి 1.06. పటకారు చూపే విభజనను టెల్సన్ ఒప్పుకోవడం లేదు.

అప్పుడు, అన్నిటికంటే ముందు చేయవలసిన పనిని చివరగా చేశాను: జననరంధ్రాలు చూశాను. దశపాదుల్లో ఆడ జీవి రంధ్రం మూడో కాలి కాక్సా మీద, మగ జీవి రంధ్రం అయిదో కాలి కాక్సా మీద ఉంటుంది. 'క' రకం 9 కీ 9 మగవి. 'ఖ' రకంలో 10 ఆడవి. అంటే ఒకే జాతి మగ, ఆడ జీవులకు నేను రెండు పేర్లు పెట్టాను. ఈత కాళ్లు కూడా ఇదే మాట చెప్పాయి: ఆడవాటిలో మొదటి జత ఒకే కొమ్మగా, రెండో జత రెండు కొమ్మలుగా ఉన్నాయి, మగవాటిలో ఈ రెండు జతలూ బాగా కుంచించుకుపోయాయి.

మిగిలిన పదకొండో 'ఖ' నమూనా మమ్మల్ని నాలుగు రోజులు ఆపింది. పటకారు ఆడదానిలా సన్నం, రంధ్రం మాత్రం అయిదో కాలి మీద. దాని కవచం ఎడమ పక్క కొద్దిగా ఉబ్బి ఉందని ఒక విద్యార్థిని గమనించింది. థలాసినికా రేఖ వెంట కవచాన్ని ఎత్తితే మొప్పల గదిలో చదునుగా, ఒక పక్కకు వంగిన ఆడ పరాన్నజీవి ఉంది. దాని పొట్ట కింద దానికంటే చాలా చిన్నదైన దాని మగ జీవి అతుక్కుని ఉంది. ఇది బోపిరిడ్ అనే ఐసోపాడ్ (రొయ్యలకు దూరపు బంధువైన మరో గుంపు జీవి). ఇది పట్టిన మగ జీవుల్లో మగ లక్షణాలు సరిగా పెరగవు. ఆ విద్యార్థిని కంటికి ఆ ఉబ్బు ఆనకపోతే, ఒక రోగి జీవికి కొత్త జాతి పేరు పెట్టే దారిలో మరో అడుగు వేసి ఉండేవాణ్ని. ఇప్పుడు ప్రతి నమూనాను పై నుంచి చూసి, కవచం రెండు పక్కల వెడల్పూ విడివిడిగా రాస్తున్నాము.

'క', 'ఖ' కలిపి ఒకే రకం: 20 నమూనాలు, మగవి 10, ఆడవి 10. 'గ' వేరుగా నిలిచింది: మగది 1, ఆడవి 3. దానిని వేరుచేసేది పటకారు కాదు, టెల్సన్ ఆకారమూ, మూడో మాక్సిలిపెడ్‌లో ఇస్కియం, మీరస్‌లు కలిసి మూతలా వెడల్పు కావడమూ.

గెబిడియా 11 పేచీ పెట్టలేదు. ముక్కు త్రికోణాకారంగా, పైన వెంట్రుకలతో, అంచున చిన్న పళ్లతో ఉంది. మొదటి జత కాళ్లు రెండూ సమానం. రెండు నుంచి అయిదు దాకా ఈత కాళ్లు ఒకేలా ఉన్నాయి. ఆడవాటికి మొదటి ఈత కాలు సన్నని ఒకే కొమ్మగా ఉంది, మగవాటికి లేనే లేదు. ఇవి ఉపోజీబియా కుటుంబానివి. మొదటి రెండు జతల కాళ్ల వెంట్రుకలను బుట్టలా పట్టి, బొరియలోకి లాగిన నీటిని వడకట్టుకు తింటాయి.  కలియానాసా, ఉపోజీబియా అనే రెండు ప్రజాతులకూ 1814లోనే లీచ్ అనే ఆంగ్ల జంతుశాస్త్రవేత్త పేర్లు పెట్టారు. అంటే ఈ తేడా రెండు వందల ఏళ్ల కిందటే ఒక జాగ్రత్త గల కంటికి కనిపించింది.

దశ 8: గుర్తింపు పట్టిక పరీక్ష (జూన్)

తెలుగులో రాసిన మొదటి పట్టికను ఆరుగురు విద్యార్థులకు, ఒక్కొక్కరికి పది ట్యూబులతో ఇచ్చాను. 60 జవాబుల్లో 41 సరైనవి. 19 తప్పుల్లో 11 కాళ్ల లెక్కలో, 5 థలాసినికా రేఖ దగ్గర, 3 ఆడా మగా తేల్చడంలో జరిగాయి. మొదటి పట్టికలో పటకారు ప్రశ్న రెండోది. కంటికి ముందుగా కనిపించేది అదే కనుక అలా పెట్టాను. విద్యార్థులు ఆ ప్రశ్న దగ్గరే మనసులో జవాబు నిర్ణయించుకుని, తరువాతి మెట్లను ఆ జవాబుకు అనుకూలంగా చదివారు. నేను చేసినదీ అదే. మార్చిన వరుస ఇది:

1. ఉదరం రెండో ఖండితపు పక్క రేకు ముందు రేకు మీదికి కూడా వచ్చిందా? వస్తే పక్కన పెట్టండి.
2. కవచం వక్షాన్ని పూర్తిగా కప్పిందా? కప్పకపోతే పక్కన పెట్టండి.
3. మూడో మాక్సిలిపెడ్‌కు ఎర్ర దారం కట్టండి.
4. జననరంధ్రం ఏ కాలి మీద ఉందో రాయండి. కవచం ఒక పక్క ఉబ్బిందేమో చూడండి.
5. రెండో కాలిని కడిగి, కాక్సా నుంచి కొన దాకా చూడండి. పటకారు ఉంటే యాక్సిడియా, లేకుంటే గెబిడియా.
6. రంగు వేసి థలాసినికా రేఖ చూడండి.
7. మూడో కాలి ప్రోపోడస్, ఈత కాళ్లు, మూడో మాక్సిలిపెడ్, టెల్సన్ చూడండి.
8. ఆ తరువాతే పెద్ద పటకారును కొలవండి. మగవాటిని మగవాటితో, ఆడవాటిని ఆడవాటితో మాత్రమే పోల్చండి.

ఈ వరుసతో అదే ఆరుగురికి వేరే ట్యూబులు ఇస్తే 60లో 54 సరైనవి. మిగిలిన ఆరు తప్పుల్లో నాలుగు ఒకే ట్యూబువి, అది 4.2 మి.మీ. కవచం గల పిల్ల జీవి. 5 మి.మీ. కంటే చిన్నవాటిని ఈ పట్టికతో గుర్తించవద్దని ఆ తరువాత పట్టిక పైభాగాన రాశాను.

జాతి పేరు దేనికీ పెట్టలేదు. కలియానాసా అనే ఒక్క ప్రజాతి కింద ఒకప్పుడు ఉంచిన జీవులు ఇప్పుడు ఎన్నో ప్రజాతుల్లోకి, కుటుంబాల్లోకి వెళ్లాయి. 2019లో ఈ వర్గీకరణ మొత్తాన్ని తిరిగి సవరించారు. పాత పేరు చూసి చీటీ రాస్తే ఆ చీటీ ముందు తరాన్ని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే చీటీల మీద కుటుంబం దాకా, ఉపోజీబియాలకు ప్రజాతి దాకా మాత్రమే రాసి, 'గ' రకం నాలుగింటి పటాలనూ కొలతలనూ చెన్నైలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలోని నమూనాలతో పోల్చడానికి వీలుగా ఒకే కాగితం మీదికి తెస్తున్నాము.

ఇప్పటివరకు: పట్టినవి 67, పోయినవి 25, వేరే గుంపులవి 7, గుర్తించినవి 35 (కలియానాసా బంధువులు 24, ఉపోజీబియా 11). మొత్తం ఖర్చు రూ. 10,160. మొదటి సేకరణలో రాలిన పటకారు కాళ్లను పారేయలేదు. ఏ జీవివో తెలియకపోయినా, జెల్‌లో నిలబెట్టడం నేర్చుకునే కొత్త విద్యార్థులకు అవే ఇస్తున్నాము.